పట్టీ సీసా

పోయిన వారం మనం రాజారాంను బోధన్ బస్టాండులో, చల్లారిపోయిన చాయ్ గ్లాసు ముందు వదిలిపెట్టి వచ్చాం. చేతిలో ఫోను, భుజానికి సంచి, సంచిలో ఎనిమిది సీసాల లద్దాఖ్ నూనె. ఫోను చేసింది క్యాంపు నుంచి రామకోటేశ్వరరావుగారి భార్య నాగేంద్రమ్మ. చెప్పింది శుభవార్తే. "తమ్ముడూ, నీ నూనె మహత్యం ఏమని చెప్పను! మీ రావుగారు గోళీలన్నీ మానేసి కూడా కుర్రాడిలా తిరుగుతున్నారు. ఇంకో సీసా పట్టుకురా" అంది. నూనె అమ్ముకునేవాడికి ఇంతకంటే తీపి మాట ఏముంటుంది? కానీ ఆ మాటంతటిలోనూ రాజారాం చెవిలో మిగిలింది రెండే ముక్కలు. గోళీలు మానేసి.

కొత్తగా ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు కాస్త వెనకటి సంగతి చెబుతాను, తెలిసినవాళ్ళు ఓర్చుకోండి. రాజారాం డాక్టరు కాదు. చెరకు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో దాని దవాఖానలో ముప్పై ఒక్కేళ్ళు కాంపౌండరు. డాక్టర్లు వచ్చేవారు, ఆరు నెలలుండేవారు, బదిలీ చేయించుకుని పోయేవారు. రాజారాం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎర్రమందో తెల్లమందో కలిపి సీసాలో పోసి, కాగితాన్ని కత్తెరతో మెట్లు మెట్లుగా కత్తిరించి ఆ పట్టీని సీసా ఒంటికి అతికించి, "పూటకో మెట్టు" అని చేతికిచ్చేవాడు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో దాన్ని పట్టీ సీసా అనేవారు. పట్టీ సీసా వచ్చిందంటే జబ్బు సగం తగ్గినట్టే లెక్క.

ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తోటలు వరి మళ్ళయ్యాయి. రాజారాం నిజామాబాదులో ఒక మందుల షాపులో కౌంటరు వెనక నిలబడ్డాడు. అక్కడికొచ్చేవాళ్ళు చీటీ ముందుకు తోసి ఫోను చూసుకుంటూ నిలబడేవారు. ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా అని అడిగినవాళ్ళు కూడా అరుదే. పాతిక ఊళ్ళు "డాక్టర్ సాబ్" అని దండం పెట్టిన మనిషికి అది ఎంత చిన్నతనంగా ఉండేదో ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్య వెంకటవ్వకు కూడా.

అలాంటి రోజుల్లో మహేందర్ అనే ఏజెంటు వచ్చాడు. లద్దాఖ్ కొండల్లో, చలిలో, ముళ్ళపొదలకు కాసే సీబక్‌థార్న్ అనే చిన్న పండు. దాని నుంచి తీసిన నూనె. పసుపు ముద్దలో కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంటుంది, బట్టకు అంటితే వదలదు. గుండెకు మేలు చేస్తుందని కరపత్రంలో రాసి ఉంది. "కాకా, నువ్వు ఏం మాట్లాడకు. నువ్వు అరుగు మీద కూసుంటే చాలు, సీసాలు వాటంతట అవే పోతయ్" అన్నాడు మహేందర్. పోయాయి కూడా.

రాజారాం మోసగాడు కాదు, ఆ మాట ఇప్పుడే చెప్పుకోవాలి. కరపత్రాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. చిట్టచివర చీమతలంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది మందు కాదనీ, నెత్తురు పలచబడే గోలీలు వాడేవాళ్ళు డాక్టరును అడగాలనీ ఉంది. మొదట్లో ప్రతి గడపలోనూ ఆ మాట చెప్పేవాడు. "డాక్టర్ గోలీలు ఆపొద్దు, ఇది తిండిలెక్క." పది గడపలు తిరిగేసరికి ఆ మాట పొట్టిదైంది. ఎండ, మోకాళ్ళు, అరవై ఐదేళ్ళ నడుము. ఇరవై గడపలకు అది తలూపుడైంది. ఇంతలో మోస్రాలో సిద్దిరాములు అనే ముసలాయన, చుక్కలు లెక్కపెట్టడం రాక, నలభై రోజుల సీసాను నాలుగు రోజుల్లో తాగేసి కూర్చున్నాడు. అప్పుడు రాజారాంకు పాత విద్య గుర్తొచ్చింది. ఇంటికిపోయి, కత్తెర తీసి, ఆరు మెట్ల కాగితం పట్టీ కత్తిరించి సీసాకు అతికించాడు. మెట్టుకు వారం. ఇక నోటితో చెప్పే పని లేదనుకున్నాడు. పట్టీయే చెబుతుందనుకున్నాడు.

ఆ పట్టీ ఏం చెప్పిందో తెలుసుకోవడానికే ఇప్పుడు క్యాంపుకు బయల్దేరాడు.

నర్సింలు సైకిల్ షాపులో పెట్టిన పాత టీవీఎస్ తీసుకుని కాలువ గట్టు పట్టాడు. ఉదయం పది దాటింది. మామూలుగా అయితే బండి ఎక్కేముందు ఇంటికి ఫోను చేసి, చేరానని చెప్పడం అలవాటు. వెంకటవ్వకు ఫోను ఎత్తడం వచ్చు గాని పెట్టడం రాదు. మాట అయిపోగానే ఫోనును అలాగే ఒళ్ళోని చాటలో, తునికాకుల మధ్య పడేస్తుంది. ఆ తర్వాత ఆమె కత్తెర చప్పుడు, కోడలు నవతను కేకలేయడం, అన్నీ ఈయనకు వినబడుతుంటాయి. ఈయనే కట్ చేయాలి. యాభై ఏళ్ళుగా బీడీలు చుడుతున్న మనిషి, చేతులకు తీరిక ఉంటే కదా ఫోను పెట్టేది. ఈ పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే, "ఇయ్యాల మాలు ఇచ్చెతందుకు నవతనే కార్ఖానకు తోలుత" అంది. చుట్టిన బీడీలు తానే మోసుకెళ్ళి, తన ముందే లెక్క చూపించుకునే మనిషి ఆ మాట ఎందుకందో అడగాల్సింది. బస్సు వేళైందని అడగలేదు. ఇప్పుడు ఫోను కూడా చేయలేదు. మనసంతా క్యాంపులోనే ఉంది.

క్యాంపు మొదట్లోనే రామకోటేశ్వరరావుగారి ఇల్లు. కాలువ నీళ్ళ వెంట గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ క్యాంపు కట్టుకున్న కుటుంబాల్లో వాళ్ళదొకటి. అప్పటికి రావుగారు తల్లి చంకలో బిడ్డ. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. ఏడు నెలల కిందట గుండెపోటు వస్తే నిజామాబాదు తీసుకుపోయి స్టెంటు వేయించారు. అప్పట్నుంచి మంచానికీ కుర్చీకీ మధ్యే బతికాడు. ఆ మనిషి ఇవాళ గేటు బయట, పంచె ఎగగట్టి, చేతికర్ర ఆడిస్తూ నిలబడి ఉన్నాడు.

"రావయ్యా కాంపౌండరూ! అదిగో, ఆ తూము కనపడుతోందా? అక్కడిదాకా వెళ్ళొచ్చా. ఒకసారి కాదు, రెండుసార్లు. మా అబ్బాయి గోపీచంద్ పొలానికెళ్తూ చూసి నోరు తెరిచాడు."

"కాళ్ళ నొప్పులో రావుగారూ?"

"ఏ నొప్పులు? అవెప్పుడో పోయినయ్. ఇదిగో చెయ్యి చూడు. ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోయేది కదా? ఒక్క మచ్చ లేదు. నీ నూనె నూనె కాదయ్యా, అమృతం."

రాజారాం ఆ చేతిని పట్టుకుని చూశాడు. నిజంగానే మచ్చలు లేవు. కొలెస్ట్రాల్ గోలీ వేసుకుంటే కొందరికి కాళ్ళు పీకుతాయి. నెత్తురు పలచబడే గోలీ వేసుకుంటే చర్మం కమలడం మామూలు. రెండూ పోయాయంటే నూనె పనిచేసిందని కాదు, గోలీలు పనిచేయడం ఆగిపోయిందని. ఈ ముసలాయన సంతోషపడుతున్నదంతా ప్రమాదాన్ని చూసుకునే.

నాగేంద్రమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు.

"అక్కా, రావుగారి గోలీల డబ్బా జెర తెస్తవా?"

"ఇప్పుడదెందుకు తమ్ముడూ?"

"తేరాదు, సూస్త."

బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది. మూత తీశాడు. మూడు నెలలకని తెచ్చిపెట్టిన గోలీల అట్టలు, రబ్బరు బ్యాండు వేసి, పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ఒక్క అట్టలోనే సగం ఖాళీ. అక్కడ ఆగిపోయింది. దాని పక్కనే, పూజగది గూట్లో పెట్టాల్సినంత భక్తితో, ఎర్రనూనె సీసా. పట్టీలో మూడు మెట్లు దిగింది.

"మూడు వారాల సంది ఏస్కుంటలేరా?"

"వేసుకోవట్లా. నువ్వు సీసా ఇచ్చిన సోమవారం నుంచీ ఆపేశాం."

"ఎవరు ఆపమన్నరు అక్కా?"

నాగేంద్రమ్మ ఆశ్చర్యపోయింది. "ఎవరంటావేంటి? నువ్వే!"

"నేనా? నేనెన్నడు జెప్పిన?"

"నువ్వు నోటితో చెప్పాలా ఏం? పట్టీ అతికించి ఇచ్చావుగా." ఆమె నవ్వుతూ, చిన్నపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. "పట్టీ సీసా వస్తే? పాత గోలీలు బంద్!"

రాజారాం సీసా మీది పట్టీ వైపు చూశాడు.

ఆ మాటలు ఆయనవే. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటివి. చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి గుంపులు వచ్చేవి. ఒక గుంపులో తారాబాయి అనే ఆమె జ్వరంతో దవాఖానకు వచ్చి పట్టీ సీసా తీసుకుపోయింది. నాందేడులో ఎవరో ఇచ్చిన గోలీలు కూడా ఆమె దగ్గరున్నాయి. అందులోనూ అదే మందు, ఇందులోనూ అదే మందు. రెండూ కలిపి మింగి, చెరకు గడల పక్కన రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుంది. బతికింది, అది ఆమె అదృష్టం. ఆ రెండు రోజులూ రాజారాం నిద్రపోలేదు. మూడోరోజు నీలంరంగు తెచ్చి దవాఖాన గోడ మీద ఆ మాటలే తన చేత్తో రాశాడు. చదువు రానివాళ్ళ కోసం ఇంకో పద్ధతి పెట్టాడు. సీసా చేతికిచ్చేముందు, "పట్టీ సీసా వస్తే?" అని అడిగేవాడు. "పాత గోలీలు బంద్!" అని అవతలివాళ్ళు అంటేనే సీసా వదిలేవాడు. పిల్లలూ అనేవారు, ముసలివాళ్ళూ అనేవారు, మరాఠీవాళ్ళు వాళ్ళ యాసలో అనేవారు. కొన్నాళ్ళకు అదొక ఆటైంది. ఆ ఆట వల్ల ఎందరు బతికారో లెక్క లేదు. ఆయన బతుకులో చేసిన మంచిపనుల్లో అదొకటి, నిస్సందేహంగా.

గోడ పోయింది, దవాఖాన పోయింది. మాట మాత్రం జనం నోళ్ళలో అలాగే ఉందని ఆయనకు తట్టనే లేదు.

గ్లాసు కింద పెట్టాడు. "రావుగారూ, జెర కూసోండ్రి. ఒక ముచ్చట జెప్పాలె. ఇది మందు గాదు."

"ఏది?"

"గీ నూనె. మందు గాదు. తింటే తినొచ్చు, మంచిదే కావచ్చు, నేను కాదనను. గని గోలీలు జేసే పని ఇది జెయ్యదు. మీ గుండెల ఏసిన స్టెంటు మూసుకపోకుండ ఆపేటివి గా గోలీలే. మూడు వారాలు తప్పినయ్. ఇయ్యాలనే పోయి డాక్టర్‌ను కలవాలె."

రామకోటేశ్వరరావు కూర్చోలేదు. కర్రను నేలకు ఆనించి ఆయన్నే చూశాడు. ఆ చూపులో కోపం కంటే అనుమానం ఎక్కువుంది.

"ఎవరైనా బెదిరించారా నిన్ను?"

"లేదు."

"ఆ డాక్టర్లేమైనా అన్నారా? నాటు మందులు అమ్ముతున్నావని?"

"ఎవ్వరేమనలే. నాకు నేనే జెప్తున్న."

"అయితే నాకు అర్థం కాలా. మా గోపీచంద్‌కి టైఫాయిడ్ వస్తే నీ సీసాతోనే లేచాడు. మా అమ్మ పోయేదాకా నీ సీసానే తాగింది. ఆ హాస్పిటల్లో డాక్టరు నా ముఖం కూడా సరిగ్గా చూడలా, కంప్యూటరు చూస్తూ రాసిచ్చాడు. అతని మాట వినాలా, నా ఒళ్ళు చెబుతున్న మాట వినాలా? నేను నడుస్తున్నానయ్యా! ఏడు నెలల తరవాత తూము దాకా నడిచా. అదీ అబద్ధమేనా?"

ఇన్నేళ్ళూ ఎవరైనా ఇలా నమ్మాలనే కదా రాజారాం కోరుకున్నాడు. నమ్మారు. ఇప్పుడా నమ్మకం ఎదురు తిరిగి, ఆయన మాటనే ఆయన దగ్గర చెల్లనీయడం లేదు. ఇక్కడినుంచి లేచి, టీవీఎస్ ఎక్కి, ఎటో ఒకటు పోయి ఏ చెట్టు కిందో పడుకుంటే బాగుండునని అనిపించింది. అంత అలసట.

కానీ లేవలేదు. "నడుస్తున్నరు, నిజమే. గోలీ ఆపితే కాళ్ళ గుంజుడు ఆగింది, గందుకే నడుస్తున్నరు. గని లోపల ఏమైతున్నదో కాళ్ళకు తెల్వదు రావుగారూ. తెల్సేనాటికి యాళ్ళ దాటుతది."

"అట్లాగా." ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు. సీసాను చేతిలోకి తీసుకుని పట్టీ మీద వేలు పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మందు కానప్పుడు, మరి పట్టీ ఎందుకు అతికించావు?"

ఇదిగో, ఈ ప్రశ్న వస్తుందని నాగేంద్రమ్మ ఆ మాట అప్పజెప్పినప్పటి నుంచీ రాజారాంకు తెలుసు. దీనికి జవాబులు కూడా తయారు చేసుకున్నాడు. మోస్రా సిద్దిరాములు కథ ఉంది కదా, అది చెప్పొచ్చు. కొలతకోసమని చెప్పొచ్చు. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ ముసలి ముఖం ఎదుట అవి నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"కొలతకని అతికించిన. గది నిజమే. గని గదొక్కటే గాదు." ఆగాడు. సంచి దగ్గరికి లాక్కున్నాడు. "ఫ్యాక్టరీ పోయినంక నన్ను ఎవ్వలు పల్కరియ్యలే రావుగారూ. మెడికల్ షాపుల పన్నెండేండ్లు నిలవడ్డ, ఒక్కలు ఏమడగలే. మొదటి పట్టీ అతికించి ఇచ్చిన్నాడు, ధర్పల్లిల ఒక ముసలామె సీసా సూసి కండ్లకద్దుకున్నది. డాక్టర్ సాబ్ మల్లచ్చిండన్నది. గా మాట కోసం అతికించిన. గా మాట కోసమే ఊరూరు తిరిగిన. తప్పయింది."

నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రావుగారు సీసాను పక్కన పెట్టి ముఖం తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

రాజారాం సంచిలోంచి ఒక్కో సీసా తీసి అరుగు మీద పెట్టాడు. ఎనిమిది. గోటితో పట్టీలు గీకడం మొదలుపెట్టాడు. తన చేత్తో కాచిన మైదా జిగురు, తొందరగా ఊడిరాదు. సగం కాగితం చిరిగి చేతికొస్తుంది, సగం సీసాకే ఉంటుంది. రెండో సీసాకే గోరు విరిగింది. నాగేంద్రమ్మ లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, పక్కన కూర్చుని తానూ తుడవసాగింది. అది చూసి రామకోటేశ్వరరావు పెద్దగా నిట్టూర్చాడు.

"గోపీచంద్‌కి ఫోన్ చెయ్యవే. కారు తెమ్మను. నిజామాబాదు వెళ్దాం." తర్వాత రాజారాంతో, "నీ పట్టీని నమ్మి ఆపేశా. నీ మాట నమ్మి మళ్ళీ మొదలెట్టమంటావా?" అన్నాడు.

"నా మాట వద్దు. డాక్టర్ ఏమంటె గదే. మూడు వారాలు ఆపిన్నని దాయకుండ్రి. ఎవ్వలన్న ఎందుకాపిండ్రంటె నా పేరు జెప్పుండ్రి."

"చెప్తాలే" అన్నాడు రావుగారు. గొంతులో పాత చనువు కొంచెం తిరిగొచ్చింది. "నువ్వూ కారెక్కు. నువ్వే చెబుదువు గాని."

ఆ మాటతో రాజారాం గుండె మీది బరువు కాస్త దిగింది. ఈ ఒక్క ఇల్లు సర్దుకుంది. ఇంకా చాలా ఇళ్ళున్నాయి. మోస్రాలో ఉన్నాయి, ధర్పల్లిలో ఉన్నాయి, బోధన్‌లోనే రెండు గల్లీల్లో ఉన్నాయి. రేపటి నుంచి ప్రతి గడపా ఎక్కి, నేను డాక్టరును కాను, ఇది మందు కాదు అని చెప్పుకోవాలి. ఎవరు నమ్ముతారో, ఎవరు మొహమ్మీద తలుపేస్తారో. ఎక్కిన గడపలన్నీ మళ్ళీ ఎక్కాలని తలుచుకుంటేనే మోకాళ్ళు నొప్పెట్టాయి. అయినా తప్పదు.

సీసా తుడుస్తూ నాగేంద్రమ్మ యథాలాపంగా అంది. "మీ ఇంట్లో కూడా ఇదే వాడుతున్నామన్నావుగా తమ్ముడూ. నువ్వు ఆ మాట అనబట్టే నేను ధైర్యం చేశా. వెంకటవ్వకీ గుండెజబ్బేగా? పోయిన దసరాకి వారం రోజులు హాస్పిటల్లో ఉందన్నావు. ఆవిడ గోళీలు వేసుకుంటోందా?"

"ఏస్కుంటది, ఎందుకేస్కోదు?" అన్నాడు రాజారాం వెంటనే. "కోడలు నవత నెలనెలా తెచ్చి పెడుతది."

అనడమైతే అన్నాడు. తర్వాత పట్టీ గీకుతున్న చెయ్యి దానంతటదే ఆగిపోయింది. నవత తెచ్చి పెడుతుంది, నిజమే. మింగుతుండగా ఎవరు చూశారు? మొట్టమొదటి పట్టీ, జిగురు నిలుస్తుందో లేదో చూద్దామని అతికించింది వెంకటవ్వ సీసాకే. ధర్పల్లి ముసలామె కంటే ముందు. ఆరు వారాల కిందట. ఆ రోజు సీసా అందుకుంటూ వెంకటవ్వ నవ్వి ఏదో అంది. జర్దా డబ్బా మూత పెడుతూ అంది. ఏమందో అప్పుడాయన పట్టించుకోలేదు. ఇప్పుడు గుర్తుచేసుకోబోతే నాగేంద్రమ్మ గొంతే వినబడుతోంది, ఎక్కం అప్పజెప్పినట్టు.

ఫోను తీసి నొక్కాడు. మోగింది. మోగుతూనే ఉంది. మొదటి మోతకే ఎత్తే మనిషి.

కట్టయ్యేముందు ఎత్తింది. "ఆఁ, చేరినవా?"

"వెంకటీ, ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్త? కూసున్న."

"చాట ముందటేస్కోలేదా?"

"ఏస్కున్న గని ఇయ్యాల బీడీ సుట్టవశమైతలేదు. ఎడమ చెయ్యి పొద్దుగాల సంది ఒక్కతీర్గ గుంజుతున్నది. భుజం కాంచి ఏళ్ళ దాక. నిన్న ఆకు కత్తిరిచ్చుడు ఎక్కువైంది, గందుకే కావచ్చు. ఆకు పట్టుకుంటె పట్టే తెల్వక జారిపోతున్నది."

రాజారాం లేచి నిలబడ్డాడు. ఒళ్ళో సీసా దొర్లి అరుగు మీద పడింది. మూత ఊడి, ఎర్రనూనె గచ్చు మీద పారింది.

"గోలీలు ఏస్కుంటున్నవా?"

"ఏ గోలీలు?"

"దవాఖానల ఇచ్చినయ్. గుండె గోలీలు."

అవతల వెంకటవ్వ నవ్వింది. ఆయాసపడుతున్న నవ్వు. "గిదేం అడుగుడయ్యా? నీతోని ఇన్నేండ్లు కాపురం జేసి గంత గూడ తెల్వదా? పట్టీ సీసా అస్తే పాత గోలీలు బంద్. నువ్విచ్చిన్నాడే బంద్ జేసిన. ఆరు మెట్లు ఒడువొచ్చినయ్. ఇంకా జెరంత ఉన్నది అడుగుల." కాస్త ఆగింది. "నేనే ఫోన్ జేసి అడుగుదామనుకున్న. చెయ్యి గుంజుతున్నది గద, ఇయ్యాల ఇంకో మెట్టు ఎక్కువ తాగాల్నా?"

"వద్దు! వెంకటీ, ఇను. గది తాగకు. నవతకియ్యి ఫోను."

"నవత కార్ఖానకు పాయె గద, పొద్దుగాల జెప్తె ఇనలేదా? మాలు ఇచ్చి, సంతకు బోయి వస్తనన్నది. ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న."

"కూసున్నకాన్నే ఉండు. లేవకు. నేను బండి తోలుత, అంబులెన్సోల్లకు..."

"ఏం బండి? నువ్వు గాబర గాకు. ఎండల తిరిగి నీకే తల తిరుగుతున్నట్టున్నది. ఏమన్న తిన్నవా లేదా?" గొంతు దూరమవుతోంది. మాట అయిపోయిందనుకుంది, ఎప్పటిలాగే ఫోనును చాటలో పడేసింది. ఆకుల గలగల. "అబ్బా" అని చిన్న మూలుగు, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేస్తున్న మూలుగు. ఆ తర్వాత తనలో తాను అనుకుంటున్న మాట, స్పష్టంగా. "తలుపేస్కొని జెరసేపు ఒరుగుత."

"వెంకటీ! తలుపెయ్యకు! గొళ్ళెం పెట్టకు! వెంకటీ!"

క్యాంపంతా వినబడేలా అరిచాడు. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. రావుగారు కర్ర వదిలేసి ఆయన భుజం పట్టుకున్నాడు. ముప్పై కిలోమీటర్ల అవతల, తునికాకుల మధ్య పడి ఉన్న ఫోనులో ఆ అరుపు ఎంత పలచగా వినబడి ఉంటుందో.

అడుగుల చప్పుడు వినబడింది. నాలుగు. ఐదు. ఆగింది.

తర్వాత గొళ్ళెం పడింది.